అమెరికాలో టీవీ వాతావరణ నిపుణులకు సీబీఎం గుర్తింపు: దరఖాస్తు విధానం

అమెరికా టీవీ ఛానళ్లలో వాతావరణం చెప్పేవారిలో కొందరి పేరు పక్కన ‘సీబీఎం’ అని ఉంటుంది. సర్టిఫైడ్ బ్రాడ్‌కాస్ట్ మెటియరాలజిస్ట్ అన్నమాట. ఈ గుర్తింపు ఇచ్చేది ప్రభుత్వం కాదు. 1919లో ఏర్పడి, బోస్టన్ కేంద్రంగా పనిచేస్తున్న వాతావరణ శాస్త్రవేత్తల సంఘం అమెరికన్ మెటియరాలజికల్ సొసైటీ, అంటే ఏఎంఎస్. 1957లో మొదలుపెట్టిన ‘సీల్ ఆఫ్ అప్రూవల్’ అనే పాత గుర్తింపు స్థానంలో 2005 నుంచి సీబీఎంను తెచ్చింది. పాత సీల్‌కు కొత్త దరఖాస్తులు 2008తో ఆగిపోయాయి.

ఇది లైసెన్సు కాదు. లేకపోయినా టీవీలో వాతావరణం చెప్పొచ్చు. కానీ టోర్నడో హెచ్చరిక వచ్చినప్పుడు ఇంట్లో ఉండాలా, బేస్‌మెంట్‌లోకి దిగాలా అన్నది జనం తెర మీది మనిషి మాట విని తేల్చుకుంటారు. ఆ మనిషికి సబ్జెక్టు వచ్చని తోటి నిపుణులు పరీక్షించి చెప్పడం చిన్న విషయం కాదు. అందుకే అర్హత ఉన్నవాళ్లు దీన్ని వాయిదా వేయకూడదని నా అభిప్రాయం.

మొదట చూసేది చదువు. మెటియరాలజీలో గానీ, అట్మాస్ఫియరిక్ సైన్స్‌లో గానీ డిగ్రీ, లేదా దానికి సమానమైన చదువు ఉండాలి. డిగ్రీ పేరు ఒక్కటే సరిపోదు, ఏయే కోర్సులు చదివారో ట్రాన్‌స్క్రిప్ట్‌లో (యూనివర్సిటీ ఇచ్చే కోర్సులు, మార్కుల పత్రంలో) కనిపించాలి. మన దగ్గర ఆంధ్రా విశ్వవిద్యాలయం లాంటి చోట మెటియరాలజీ చదివి అమెరికా వెళ్లినవారు ఇక్కడ కాస్త జాగ్రత్త పడాలి. థర్మోడైనమిక్స్, డైనమిక్స్, సినాప్టిక్ మెటియరాలజీ వంటి పేపర్లలో ఏం చదివారో తెలిపే సిలబస్ కాపీలు యూనివర్సిటీ నుంచి ముందే తెప్పించుకోండి. మీ డిగ్రీని ఎలా లెక్కిస్తారో ఫీజు కట్టకముందే ఏఎంఎస్‌ను ఈమెయిల్‌లో అడగండి.

తర్వాత రాతపరీక్ష. 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి, పుస్తకాలు చూడనివ్వరు. 75 శాతం వస్తే పాస్. రోజూ మోడల్ మ్యాపులు (కంప్యూటర్ అంచనాల పటాలు) చూస్తూ పనిచేసేవాళ్లకు కూడా కాలేజీ పాఠాలు మళ్లీ తిరగేయక తప్పదు. ముఖ్యంగా పనిలో ఎప్పుడూ వాడని సూత్రాలు.

పాసయ్యాక అసలు ఘట్టం మొదలవుతుంది. వేర్వేరు రోజుల్లో మీరు ప్రసారంలో చెప్పిన వాతావరణ బులెటిన్ల రికార్డింగులు పంపాలి. సమీక్షకులు నాలుగు విషయాలు చూస్తారు: శాస్త్రపరంగా సరిగ్గా ఉందా, పనికొచ్చే సమాచారం ఉందా, కారణం వివరించారా, మాట స్పష్టంగా చేరిందా. చాలామంది మూడోదాన్ని తేలిగ్గా తీసుకుంటారు. ‘రేపు మధ్యాహ్నం ఉరుములతో వర్షం’ అంటే అది సమాచారం మాత్రమే. ‘పొద్దున నేల దగ్గర తేమ బాగా ఉంది, పైన గాలి చల్లగా ఉంది. ఎండకు నేల వేడెక్కగానే ఆ తేమ గాలి పైకి లేచి మేఘాలు కడతాయి, అందుకే మధ్యాహ్నం తర్వాతే ఉరుములు’ అంటే వివరణ. దానికి పట్టే సమయం పది పదిహేను సెకన్లే. తెర మీద చేయి ఎక్కడ పెడుతున్నారు, ఆ రంగు దేన్ని సూచిస్తుందో నోటితో చెప్పారా లేదా అన్నది కూడా రికార్డింగులో తెలిసిపోతుంది. పెద్ద తుఫాను రోజు క్లిప్పే గొప్పదని టెన్షన్ పడక్కర్లేదు. మామూలు రోజున ఉష్ణోగ్రత ఎందుకు పడిపోతోందో చక్కగా చెప్పిన క్లిప్ దానికంటే ఎక్కువ ఉపయోగపడొచ్చు. పంపేముందు ధ్వని ఆపేసి ఒకసారి, బొమ్మ చూడకుండా ఒకసారి పరిశీలించండి.

ఫీజులు, ఫారాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఏఎంఎస్ వెబ్‌సైట్‌లో ఉన్నవే చూసుకోవాలి. గుర్తింపు వచ్చాక ఏటా రెన్యువల్ ఉంటుంది. దాంతోపాటు 5 ఏళ్లకోసారి, ఆ కాలంలో సబ్జెక్టులో కొత్తగా నేర్చుకున్నదానికి పాయింట్ల రూపంలో రుజువు చూపాలి. హాజరైన సదస్సుల, శిక్షణల సర్టిఫికెట్లను మొదటి ఏడాది నుంచే ఒక ఫైల్‌లో వేసుకుంటే చివర్లో వెతుకులాట ఉండదు.

టీవీతో సంబంధం లేకుండా సంస్థలకు, కోర్టు కేసులకు వాతావరణ సలహాలిచ్చేవారికి ఇదే సొసైటీ ఇచ్చే సీసీఎం (సర్టిఫైడ్ కన్సల్టింగ్ మెటియరాలజిస్ట్) గుర్తింపు వేరు. దానికి 5 ఏళ్ల వృత్తి అనుభవం అడుగుతారు, మౌఖిక పరీక్ష కూడా ఉంటుంది.