ఇంట్లోనే శరీర సంకేతాలు – 3వ పాఠం: గీతలో గుండె

పోయిన పాఠంలో ఆర్డ్యూనో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు మీద చిన్న లైటు వెలిగించి ఆర్పాం. ఈసారి దానికి గుండె విద్యుత్ సంకేతాన్ని పట్టి పెద్దది చేసే ఏడీ8232 బోర్డు కలిపి మన గుండెనే చూద్దాం. మెదడు దాకా వెళ్ళాలని మీకు తొందరగా ఉంటుంది. కానీ గుండె సంకేతం చర్మం మీద సుమారు 1 మిల్లీవోల్టు ఉంటే, మెదడుది తల మీద 10 నుంచి 100 మైక్రోవోల్టులే. పెద్దదాన్ని పట్టడం వస్తేనే చిన్నది దొరుకుతుంది.

ఈ బోర్డు సర్క్యూట్‌ను స్పార్క్‌ఫన్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ అందరూ వాడుకునేలా తెరిచి పెట్టింది. అదే నమూనాలో చేసిన బోర్డులు చౌకగా దొరుకుతాయి, మనకవి చాలు.

3.3 వోల్టుల పిన్ను ఊనోలోని 3.3కి, గ్రౌండ్‌ను గ్రౌండ్‌కి, ఔట్‌పుట్‌ను ఊనోలో వోల్టేజీ కొలిచే ఏ0 పిన్‌కి కలపండి. 5 వోల్టులు ఇస్తే చిప్ పాడవుతుంది. కోడ్‌లో ఏ0 చదివి సీరియల్‌కి, అంటే యూఎస్‌బీ వైరు ద్వారా ల్యాప్‌టాప్‌కి పంపి, 4 మిల్లీసెకన్లు ఆగితే చాలు. అంటే సెకనుకి దాదాపు 250 కొలతలు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి. ఒంటి మీద వైర్లు ఉన్నంతసేపూ బ్యాటరీ మీదే నడపాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ మీద ఈ ప్రయోగం వద్దు.

అసలు పని చర్మం దగ్గరే ఉంది. అక్కడ అంటించే జెల్ ప్యాడ్లే సంకేతాన్ని పడతాయి. నేను మొదటిసారి పెట్టినప్పుడు తెర మీద సంకేతం గీత పిచ్చిగా ఊగింది. బోర్డు పోయిందనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే పొద్దున ఒంటికి రాసుకున్న కొబ్బరినూనె వల్ల ప్యాడ్ అంచు లేచిపోయింది! సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో కాస్త గట్టిగా తుడిచి అంటించాక గీత కుదురుకుంది. ప్యాడ్ జెల్ వేలికి జిగటగా తగలాలి, ఎండిపోయినది పారేయండి. ఛాతీ మీద కుడి కాలర్ ఎముక కింద ఆర్‌ఏ (కుడి చెయ్యి) వైరు, ఎడమ వైపు అదే చోట ఎల్‌ఏ (ఎడమ చెయ్యి), కుడి పొట్ట కింది భాగంలో ఆర్‌ఎల్ (కుడి కాలు). వైర్ల రంగులు బోర్డుని బట్టి మారతాయి కాబట్టి పేరు చూసే పెట్టండి.

వచ్చే అంకెలను గీతగా చూపే సీరియల్ ప్లాటర్ తెరవండి. దీనికి ఆర్డ్యూనో ఐడీఈ (కోడ్ రాసే సాఫ్ట్‌వేర్) పాత 1.8 వెర్షనే మేలు, తెరలో ఎక్కువ పాయింట్లు పడతాయి. గీత 340 దగ్గర నడుస్తూ, మధ్యమధ్యలో నిటారుగా లేస్తుంది. ఆ మొనే ఆర్ శిఖరం, ఒక్కో మొన ఒక్కో గుండె చప్పుడు. గీతంతా దట్టంగా, సన్నగా వణుకుతుంటే అది కరెంటు 50 హెర్ట్జ్ రొద. గోడ ప్లగ్గులకి దూరంగా జరగండి, చేతులు కదపకండి.

రెండు మొనల మధ్య 200 కొలతలు వచ్చాయనుకోండి. 200ని 4తో గుణిస్తే 800 మిల్లీసెకన్లు. నిమిషంలో ఉండే 60,000 మిల్లీసెకన్లను 800తో భాగిస్తే నిమిషానికి 75 చప్పుళ్ళు. దీన్ని చూసి జబ్బు ఉందనీ లేదనీ తేల్చుకోకండి, ఆ పని డాక్టరుది.

ఈ వారం అభ్యాసం: కదలకుండా కూర్చుని నెమ్మదిగా ఊపిరి పీల్చి, నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు మొనలు దగ్గరవుతాయి, వదిలేటప్పుడు దూరమవుతాయి. రెండింటిలోనూ మొనల మధ్య ఐదేసి ఎడాలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే పాఠంలో ఢిల్లీ అప్‌సైడ్ డౌన్ ల్యాబ్స్ వారి బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ అనే చిన్న సెన్సర్ బోర్డుతో ముంజేతి కండరం చూద్దాం.