చైతన్య స్రవంతి నవలను గురుముఖంగా చదవడం

నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ నలుగురైదుగురు కలిసి నవీన్ ‘అంపశయ్య’ చదవదలచుకుంటే, ఆ నవలను అంతకుముందే రెండు మూడుసార్లు చదివిన తెలుగు అధ్యాపకులొకరిని ముందుగా ఒప్పించుకోవాలి. 1969లో వెలువడిన ఈ నవలలో ఉస్మానియా విద్యార్థి రవి ఒక్కరోజు జీవితమే కథ. పాత్ర మనసులో ఆలోచనలు పారే తీరునే కథనంగా మలిచే చైతన్య స్రవంతి పద్ధతిలో అతని ఆలోచనలు ఏ హెచ్చరికా లేకుండా గతంలోకి జారి, మళ్లీ వర్తమానానికి వస్తుంటాయి కనుక, కొత్త పాఠకులు సాధారణంగా ఆ మలుపుల దగ్గరే తడబడతారు.

అందుచేత వారానికి 20 పేజీలకు మించకుండా, ఒకరు పైకి చదువుతుండగా మిగిలినవారు కాలం మారిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. పుస్తకం గ్రంథాలయానిదైతే మాత్రం గీతలు వద్దు, చీటీలు చాలు. అందరి గుర్తులూ ఒకేచోట పడవు. చర్చను సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఏ మాట, ఏ శబ్దం రవిని గతంలోకి లాక్కుపోయిందో మాస్టారు అడగాలే తప్ప, కథాసారాంశాన్ని ముందే చెప్పకూడదు. అది విన్న మరుక్షణం చదివే శ్రద్ధ సగం పోతుందని నా అభిప్రాయం.

అర్థం కాని పేరా దగ్గరే ఆగిపోక, ముందుకు సాగి, తరువాతి వారం కూర్చోగానే మొదట దానినే మళ్లీ పైకి చదవాలి.