స్క్రీన్ సమయాన్ని బట్టి ప్రచారాన్ని మలచుకోవడం ఎలా?

కొనుగోలుదారులు తెర ముందు ఎంతసేపు గడుపుతున్నారన్న దానికన్నా, ఏ వేళలో, ఏ ఉద్దేశంతో గడుపుతున్నారన్నదే వ్యాపారికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ముందుగా గూగుల్ అనలిటిక్స్ వంటి సాధనంలో మీ వెబ్‌సైట్ సందర్శనలను గంటలవారీగా, పరికరాలవారీగా విడదీసి, కనీసం నాలుగు వారాల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి పరిశీలించండి. ఒక్క వారం లెక్కనే నమ్ముకుంటే, మధ్యలో వచ్చిన సెలవు మొత్తం అంచనాను తారుమారు చేయగలదు.

సందర్శనలు పెరిగే వేళ, కొనుగోళ్లు జరిగే వేళ ఒకటే కానక్కర్లేదు. రాత్రి ఫోన్‌లో వస్తువును చూసినవారు మరునాడు కంప్యూటర్‌లో కొంటున్నట్లు తేలితే, రాత్రికి చిన్న పరిచయ వీడియోను, పగటికి ధర, డెలివరీ వివరాలున్న ప్రకటనను కేటాయించడం సమంజసం. శబ్దం ఆపి చూసేవారూ ఉంటారు కాబట్టి, వీడియోలోని ముఖ్య విషయం అక్షరాల్లోనూ కనిపించాలి.

ఈమెయిల్‌ను ఎంతమంది తెరిచారన్న లెక్క విషయంలో కొంత అనుమానం మంచిదే. సందేశాన్ని చదివారో లేదో పంపినవారికి తెలియకుండా చేసే మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్‌ను ఆపిల్ 2021లో తన మెయిల్ యాప్‌లో ప్రవేశపెట్టాక, ఎవరూ చదవని సందేశం కూడా తెరిచినట్లు నమోదు కావచ్చు. అందువల్ల క్లిక్కులనూ కొనుగోళ్లనూ కొలమానంగా తీసుకోండి.

నోటిఫికేషన్లను మాత్రం పొదుపుగా వాడాలి. ఏ యాప్ ఎన్ని పంపుతోందో ఫోన్ వాడకాన్ని లెక్కగట్టే ఆపిల్ స్క్రీన్ టైమ్, గూగుల్ డిజిటల్ వెల్‌బీయింగ్ వాడుకరికే చూపిస్తాయి. పైగా ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ వాటిని పంపాలంటే ముందుగా అనుమతి అడగాలి. ఆ అనుమతిని యాప్ తెరవగానే అడగకుండా, వాడుకరి తొలి ఆర్డర్ ఇచ్చి దాని సమాచారం కోసం ఎదురుచూసే సమయంలో అడగండి.