కానిస్టర్ ఫిల్టర్ ధార తగ్గిందా? కొత్తది కొనే ముందు పైపులు విప్పండి

"డబ్బా కడిగాను, స్పాంజిలు పిండాను, ఇంపెల్లర్ (నీళ్ళు తోసే చిన్న రెక్కల చక్రం) కూడా తుడిచాను. అయినా నీళ్ళు మునుపటిలా రావడం లేదు. ఈ ఫిల్టర్ సరిపోవట్లేదేమో, ఏ మోడల్‌కి మారమంటారు?"

పెద్ద అక్వేరియం పెట్టినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. కానిస్టర్ అంటే ట్యాంకు కింద ఉండే డబ్బా ఫిల్టర్: ఒక పైపుతో నీళ్ళు లాగి, వడకట్టి, ఇంకో పైపుతో ట్యాంకులోకి తోస్తుంది. ఏ మోడల్ బాగుంటుందో తర్వాత మాట్లాడుకోవచ్చు. నేను ముందు అడిగేది ఒకటే: పైపులు ఎప్పుడు కడిగారు? సగం మంది పైపులు కూడా కడగాలా అని ఆశ్చర్యపోతారు. మిగతా సగం "పైకి శుభ్రంగానే ఉన్నాయండీ" అంటారు.

ఫిల్టర్ విప్పడం, మీడియాని (డబ్బాలో వడకట్టే స్పాంజిలు వగైరా) ట్యాంకు నీళ్ళలోనే జాడించడం, చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీయడం మీకు తెలుసనుకుని రాస్తున్నాను.

ముందు ధార కొలవండి

తగ్గిందని అనిపించడం వేరు, నిజంగా తగ్గడం వేరు. 10 లీటర్ల బకెట్, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. బకెట్ 40 సెకన్లలో నిండితే గంటకి 900 లీటర్లు వస్తున్నట్టు. 60 సెకన్లు పడితే 600.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. బకెట్‌ని నేల మీద పెట్టి, అవుట్‌లెట్ పైపుని అందులోకి వదిలి కొలుస్తారు. అలా చేస్తే సైఫన్ (పై నీళ్ళు పైపులోంచి వాటంతటవే కిందికి దూకడం) కూడా తోడై నీళ్ళు దూకుతాయి, ఫిల్టర్ బ్రహ్మాండంగా ఉందన్నట్టు అంకె వస్తుంది. అవుట్‌లెట్ మూతి ట్యాంకులో నీటిమట్టం ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తులో ఉండాలి. బకెట్‌ని స్టూలు మీద పెట్టండి.

వచ్చిన అంకెని అట్టపెట్టె మీద అంకెతో పోల్చి కంగారు పడొద్దు. అక్కడ సాధారణంగా రాసేది మీడియా లేకుండా ఒట్టి పంపు తోసే నీళ్ళ లెక్క. ఫ్లూవల్ ఎఫ్‌ఎక్స్6 అనే పెద్ద కానిస్టర్‌కి రెండు అంకెలూ ఇస్తారు: గంటకి పంపు 3500 లీటర్లు, ఫిల్టర్‌గా నడిచేటప్పుడు 2130 లీటర్లు. తేడా ఎంత ఉందో చూడండి. కాబట్టి మీరు పోల్చుకోవాల్సింది మీ ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పుడు ఇచ్చిన ధారతోనే. ఆ సెకన్లు, తేదీ ఒక టేపు ముక్క మీద రాసి డబ్బాకే అంటించండి. లేదంటే వచ్చే ఏడాది మళ్ళీ "తగ్గినట్టుంది" దగ్గరే ఉంటాం.

సమస్య: అన్నీ కడిగినా ధార పెరగలేదు

ముందు ఒక అపోహ. "మోటారు పాతదైపోయింది, మెల్లగా తిరుగుతోంది" అంటారు. మామూలుగా ఏసీ కరెంటుతో నడిచే కానిస్టర్లలో ఉండేది సింక్రనస్ మోటారు. దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, వయసుని బట్టి కాదు. 50 హెర్ట్జ్ దగ్గర రెండు ధ్రువాల రోటార్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. తిరగలేకపోతే ఆగిపోతుంది, లేదా గడగడా కొట్టుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదించడం అనేది లేదు. ఇంపెల్లర్ రెక్కలు విరిగినా, ఇంపెల్లర్ గూట్లో జిగురు పేరుకున్నా ధార తగ్గుతుంది కానీ, అది విప్పగానే కంటికి కనిపిస్తుంది.

డబ్బా ట్యాంకు కింద ఉంది కాబట్టి అంత ఎత్తుకి నీళ్ళు తోయలేకపోతోందన్నది ఇంకో అపోహ. రెండు పైపుల నిండా నీళ్ళున్నప్పుడు దిగే నీళ్ళ బరువు ఎక్కే నీళ్ళ బరువుకి సరిపోతుంది. పంపు గెలవాల్సింది ఎత్తుని కాదు, దారిలో ఉండే రాపిడిని. అవుట్‌లెట్ నీటిమట్టానికి పైన ఉంటే ఆ కాస్త ఎత్తు మాత్రమే లెక్కలోకి వస్తుంది.

ఆ రాపిడి పెరిగేది ఎక్కువగా పైపుల్లోనే. లోపలి గోడలకి గోధుమరంగు పాచి పడుతుంది. చేపల మలం, మిగిలిన మేత, వీటి మీద బతికే బ్యాక్టీరియా, అన్నీ కలిసిన జిగట పొర అది. నీళ్ళు లాగే పైపులో ఇంకా ఎక్కువ, ఎందుకంటే అందులో వెళ్ళేది వడకట్టని నీళ్ళు. కానిస్టర్లతో వచ్చే పైపులు చాలావరకు బూడిదరంగువో ముదురు ఆకుపచ్చవో కాబట్టి బయటికి ఏమీ కనిపించదు. రోజుకి కాస్త చొప్పున తగ్గే ధారని మన కన్ను కూడా పట్టుకోలేదు.

16 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పైపు తీసుకోండి. చుట్టూ ఒకటిన్నర మి.మీ. పాచి పట్టిందంటే పెద్దగా అనిపించదు. కానీ దారి 13 మి.మీ.కి వచ్చేసింది, నీళ్ళు వెళ్ళే వైశాల్యంలో మూడో వంతు పోయింది. గంటకి అన్నే లీటర్లు పంపాలంటే రాపిడి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. పాచి గరుకుతనం దీనికి అదనం. ఇంత బరువు మీద పడితే ఏ పంపైనా ధార తగ్గిస్తుంది.

దీన్ని నేను దొంగ సమస్య అంటాను, దానికి కారణం ఉంది. డబ్బా విప్పగానే నల్లటి నీళ్ళు, మురికి స్పాంజిలు కనిపిస్తాయి. ఇదే కారణమని మనసుకి నమ్మకం కుదురుతుంది. కడిగి బిగించాక ధార కాస్త పెరుగుతుంది కూడా. మిగతా లోటుని ఫిల్టర్ చేతకానితనం కింద జమ కట్టేస్తాం. నాకు తెలిసిన ఒకరు 500 లీటర్ల ట్యాంకుకి ఇలాగే పెద్ద కానిస్టర్ కొన్నారు. సైజు సరిపోయింది కదా అని పాత పైపులే తగిలించారు. ధార పాతదాని కంటే పెద్దగా మెరుగు లేదు, కంపెనీ మోసం చేసిందని ఒకటే గొడవ. పైపు ఊడదీసి బ్రష్ దూర్చితే, అటు చివర నుంచి వేలెడు పొడవున నల్లటి ముద్ద జారి బకెట్‌లో పడింది. దాని వెనకే రెండు నత్తగుల్లలు, సగం కుళ్ళిన మొక్క కాడ.

ఎక్కడుందో ఊహించక్కర్లేదు, వరసగా తేల్చుకోవచ్చు.

మొదట ఇన్‌టేక్ జాలీ చూడండి, ఆకులు అడ్డం పడి ఉంటే తీసేయండి. వాల్వు లివర్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడండి. నవ్వొద్దు, ట్యాంకు కింద చీకట్లో సగం తెరిచి వదిలేసిన లివర్లు నేను చాలానే చూశాను.

తర్వాత మీడియా మొత్తం తీసి ట్యాంకు నీళ్ళున్న టబ్‌లో ఉంచి, ఖాళీ డబ్బాతో ఫిల్టర్ నడిపి బకెట్‌తో కొలవండి. మీడియా లేనప్పుడు ధార కొంత పెరగడం మామూలే, ఒక్కసారిగా బాగా పెరిగితే తప్పు మీడియాది. సన్న ఫిల్టర్ వూల్ (దూదిలాంటి పొర) మూసుకుపోయి ఉంటుంది, మార్చేయండి. ధార దాదాపు అలాగే ఉంటే మీడియా జోలికి ఇక వెళ్ళకండి.

ఇప్పుడు మోటారు ఆపి, లాగే పైపుని డబ్బా దగ్గర విడదీసి చివరని బకెట్‌లో పెట్టి వాల్వు తెరవండి. మోటారుతో పని లేకుండా సైఫన్‌తోనే నీళ్ళు పైపు నిండా దూకాలి. సన్నగా, నీరసంగా వస్తే జాలీకీ బకెట్‌కీ మధ్యలోనే అడ్డు ఉంది. కొన్ని మోడళ్ళలో వాల్వు బ్లాక్‌ని డబ్బా మీద నుంచి తీశాక లివర్ తెరుచుకోదు. అప్పుడు బ్లాక్ పైనున్న పైపునే ఊడదీసి, మూతికి బొటనవేలు అడ్డం పెట్టి బకెట్ దగ్గరికి తీసుకెళ్ళండి. వాల్వు లేకుండా ధార బాగా వస్తే దోషం వాల్వుదే. అందులో దారి పైపు కంటే ఇరుకు, నత్తగుల్ల వెళ్ళి కూర్చునేది అక్కడే. ఇయర్‌బడ్‌తోనో సన్న బ్రష్‌తోనో శుభ్రం చేయొచ్చు.

పైపులకి రెండు వైపులా బ్రష్ ఉండే పొడవాటి స్ప్రింగ్ తీగ దొరుకుతుంది. పైపు పొడవు కొలుచుకుని కొనండి, పొట్టిది కొంటే మధ్యలో మురికి మధ్యలోనే ఉంటుంది. బిగుసుకుపోయిన పైపుని కత్తితో కోయకండి, బలంగా గుంజకండి, నాజిల్ విరుగుతుంది. ఆ చివరని కాసేపు వేడినీళ్ళలో ముంచితే మెత్తబడి వస్తుంది. సబ్బు వద్దు. పైపులకైతే కొళాయి నీళ్ళు ఫర్వాలేదు, ఎందుకంటే మనం కాపాడుకోవాల్సిన బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం మీడియాలో ఉంటుంది. మిగతాది పైపుల్లోనూ ఉంటుంది కాబట్టి పైపులూ మీడియా ఒకే రోజు కడగొద్దు. ట్యాంకు అంచు మీద వంగే యూ-పైపు, మూలల్లో ఎల్బోలు, నీళ్ళు వెదజల్లే స్ప్రే బార్ రంధ్రాలు, వీటిని వదిలేస్తే పని సగమే అయినట్టు.

తిరిగి ఆన్ చేసినప్పుడు మొదటి నిమిషం అవుట్‌లెట్‌ని బకెట్‌లో పెట్టండి. ఊడిన పాచి రేకులు ట్యాంకులో కాకుండా అందులో పడతాయి. కొత్త సెకన్లు టేపు మీద రాయండి. శుభ్రంగా ఉన్నప్పటి ధారలో ఐదో వంతు తగ్గిందంటే మళ్ళీ బ్రష్ తీసే సమయం వచ్చినట్టే.

సమస్య: గరగర శబ్దం, అవుట్‌లెట్ నుంచి సన్న బుడగలు

కడిగిన రోజు శబ్దం వస్తే లోపల చిక్కిన గాలి. నడుస్తుండగానే డబ్బాని అటూ ఇటూ వంచండి, పోతుంది. రోజుల తరబడి పోకపోతే గాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తోంది. ముందు బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఇన్‌టేక్ పక్కన ఉందేమో చూడండి, గంటసేపు ఎయిర్ పంపు ఆపితే తేలిపోతుంది.

అది కాకపోతే జాయింట్లు. నీటిమట్టానికి కింద ఉన్న జాయింట్ వదులైతే సాధారణంగా నీళ్ళు కారతాయి. నీటిమట్టానికి పైన, ట్యాంకు అంచు దాటే దగ్గర లాగే పైపు జాయింట్ వదులైతే నీళ్ళు కారవు, గాలి లోపలికి వెళ్తుంది. అందుకే నేల పొడిగా ఉన్నా బుడగలు వస్తాయి. డబ్బా ఓ-రింగ్ (మూత కింది రబ్బరు వలయం) మార్చుకుంటూ కూర్చునేవాళ్ళు చూడాల్సింది పైనున్న యూ-పైపుని. ఇన్‌టేక్ బాగా మూసుకుపోయినా బుడగలు రావచ్చు, మళ్ళీ పైపుల దగ్గరికే వస్తాం.

గాలి లేకుండానే గడగడలాడితే ఇంపెల్లర్ సిరామిక్ షాఫ్ట్ విరిగిందా, చివరన రబ్బరు బుష్ ఉందా చూడండి. కడిగినప్పుడు ఆ బుష్ సింకులో జారిపోవడం మామూలే.

ఎఫ్‌ఎక్స్6 ఉన్నవాళ్ళకి ఒక మాట: అది 12 గంటలకోసారి తనంతట తాను ఆగి, గాలి వదిలేసి, మళ్ళీ మొదలవుతుంది. అది రిపేరు కాదు.

సమస్య: మూత దగ్గర నీళ్ళు కారుతున్నాయి

ఓ-రింగ్ గాడిలో ఒక ఇసుక రేణువు ఉన్నా చాలు. గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజెలిన్ లాంటి పెట్రోలియం జెల్లీలు కొన్ని రకాల రబ్బరుని ఉబ్బిస్తాయి, వద్దు. క్లిప్పులు ఎదురెదురుగా ఉన్నవి జతగా బిగించండి. ఓ-రింగ్ చదునుగా అణిగిపోయి ఉంటే కొత్తది వేయాల్సిందే.

సమస్య: ధార బాగుంది, నీళ్ళు మాత్రం మసక

చాలాసార్లు నీళ్ళు మీడియాలోంచి కాకుండా పక్కనుంచి తప్పించుకు పోతుంటాయి. బుట్టలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోకపోయినా, సన్న ప్యాడ్ మూసుకుపోయినా ఇలా అవుతుంది. ముతక స్పాంజి ముందు, సన్నది తర్వాత, ఆ తర్వాత బ్యాక్టీరియా కాపురముండే బయో మీడియా. "ముందు" అంటే పై బుట్టా కింది బుట్టా అన్నది మీ మోడల్‌లో నీళ్ళు వెళ్ళే దిశని బట్టి ఉంటుంది, మాన్యువల్‌లో బాణాలు చూడండి.

సమస్య: ఆపి పెట్టాక ఆన్ చేస్తే వాసన

కరెంటు పోయి చాలా గంటలు ఆగిపోతే డబ్బాలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. ఆ నీళ్ళని ట్యాంకులోకి తోయకండి. డబ్బా ఖాళీ చేసి, మీడియాని ట్యాంకు నీళ్ళలో జాడించి, అప్పుడు ఆన్ చేయండి.

అయస్కాంతం పగలడం, మోటారు వైండింగ్ కాలిపోవడం, మోటారు తల బీటలివ్వడం లాంటివి అరుదు. వీటికి ఇంట్లో చేసేదేమీ లేదు, ఆ భాగం మార్చుకోవడమే.

ఇవన్నీ చూశాక కూడా కొత్తది కావాలంటే

గంటకి ఎన్ని లీటర్లన్న అంకెతో మోడళ్ళని పోల్చకండి. పైపు వ్యాసం చూడండి. ఈహైమ్ క్లాసిక్ 2217కి లాగే పైపు 16/22, తోసే పైపు 12/16 ఇస్తారు, మి.మీ.లలో మొదటి అంకె లోపలి వ్యాసం, రెండోది బయటి వ్యాసం. లాగే వైపు ఎందుకు లావుగా ఉంచారో పైన చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎఫ్‌ఎక్స్6 పైపు 25 మి.మీ. ఉంటుంది. కాకపోతే అది మడతల పైపు, మడతల మధ్య పాచి నున్నటి పైపులో కంటే గట్టిగా పట్టుకుంటుంది.

తర్వాత ప్రీఫిల్టర్, అంటే మురికిని ముందుగా పట్టే స్పాంజి భాగం. ఓఆజే బయోమాస్టర్‌లో డబ్బా మొత్తం విప్పకుండా ప్రీఫిల్టర్ ఒక్కటే బయటికి వస్తుంది. బద్ధకం ఉన్నవాళ్ళకి, అంటే మనలో చాలామందికి, గంటకి ఇంకో 200 లీటర్ల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

500 లీటర్లు దాటిన ట్యాంకుకి నేనైతే ఒక పెద్ద కానిస్టర్ కంటే రెండు మధ్యస్థాయివి పెట్టమంటాను. ఒకటి ఆగినా ట్యాంకు నడుస్తుంది, ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి కడుక్కోవచ్చు. రెండూ ఒకే మోడల్ అయితే ఒక ఓ-రింగ్, ఒక ఇంపెల్లర్ స్పేర్‌గా ఉంచుకుంటే రెండింటికీ సరిపోతాయి. ఆ స్పేర్లు విడిగా దొరుకుతాయో లేదో ఫిల్టర్ కొనకముందే కనుక్కోండి.