అంతరిక్షం మీద క్విజ్ ప్రశ్నలు రాయడం ఎలా? గొడవ రాకుండా ప్రశ్నను బిగించే పద్ధతి

"భూమికి అత్యంత దగ్గరగా ఉన్న నక్షత్రం ఏది?" అని అడుగుతారు. నిర్వాహకుల కాగితంలో జవాబు ప్రాక్సిమా సెంటారీ. ఒక జట్టు "సూర్యుడు" అంటుంది. నూటికి నూరుపాళ్లు సరైన జవాబు, అయినా మార్కు ఇవ్వరు. అక్కడ మొదలైన వాదన చివరి రౌండు దాకా సాగుతుంది. "సూర్యుణ్ణి మినహాయిస్తే" అనే రెండు మాటలు ముందే చేర్చి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఖగోళశాస్త్రంలో ఇలాంటి ప్రశ్నలు లెక్కలేనన్ని. అందుకే సమాచారం పోగుచేయడానికి పట్టే సమయం కన్నా, ప్రశ్న మాటలు సరిచూసుకోవడానికి ఎక్కువ సమయం పెట్టుకోవాలి.

కావలసినవి

పోస్టుకార్డు సైజు అట్టలు, పెన్ను, సెకన్ల ముల్లు ఉన్న గడియారం. ఒక్కో ప్రశ్నకు ఒక్కో కార్డు. ముందువైపు ప్రశ్న మాత్రమే. వెనకవైపు జవాబు, ఒప్పుకోదగిన ఇతర జవాబులు, ఎక్కడ చూసి రాశారు, ఏ తేదీన సరిచూశారు అనే నాలుగు విషయాలు. ఫోన్‌లో పెద్ద జాబితాగా టైప్ చేసుకోవద్దు. జాబితాలో ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి దాక్కుంటాయి. ఏది సరిచూశారో, ఏది చూడలేదో గుర్తుండదు.

గంట కార్యక్రమానికి 30 ప్రశ్నలు చాలు. కానీ 45 రాయండి, తనిఖీలో పదిహేను ఎగిరిపోతాయి. గ్రహాలు, ఉపగ్రహాల మీద పది, అంతరిక్ష యాత్రల మీద పది, నక్షత్రాలు, గెలాక్సీల మీద అయిదు, టెలిస్కోపులు, శాస్త్రవేత్తల మీద అయిదు. ఈ పాళ్లు మార్చకండి. గ్రహాలు ఎక్కువైతే బడి పరీక్షలా ఉంటుంది, రాకెట్లు ఎక్కువైతే తేదీల బట్టీ అవుతుంది.

ముందు జవాబు, తర్వాతే ప్రశ్న

చాలామంది ఇంటర్నెట్‌లో సిద్ధంగా దొరికే ప్రశ్నలు తెచ్చి వాడేస్తారు. ఒకరు రాసిన తప్పును పదిమంది ఎత్తి రాసుకుంటారు, పదకొండో మనిషికి అది నిజంలా కనిపిస్తుంది. గెలీలియో టెలిస్కోపు కనిపెట్టాడన్నది అలాంటిదే. 1608లోనే నెదర్లాండ్స్‌లో కళ్లద్దాలు తయారుచేసే హాన్స్ లిప్పర్‌హే దానికి పేటెంటు అడిగాడు. గెలీలియో దాన్ని మెరుగుపరచి ఆకాశం వైపు తిప్పాడు, 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రుళ్లను చూశాడు. ధ్రువనక్షత్రం ఆకాశంలో అన్నిటికన్నా కాంతివంతమైనదన్నది ఇంకొకటి. రాత్రి ఆకాశంలో ఆ స్థానం సిరియస్‌ది. ధ్రువనక్షత్రం దాదాపు యాభయ్యో స్థానంలో ఉంటుంది. అంతరిక్షం నుంచి చైనా గోడ కంటికి స్పష్టంగా కనిపిస్తుందన్న మాటను చైనా తొలి వ్యోమగామి యాంగ్ లీవేయే 2003లో తిరిగొచ్చి కాదన్నాడు, అయినా ఆ ప్రశ్న ఇంకా తిరుగుతూనే ఉంది.

కాబట్టి తిరగేసి పని చేయండి. గట్టి జవాబు ఒకటి ఎంచుకుని, దాని చుట్టూ ప్రశ్న అల్లండి. గనిమీడ్‌ను తీసుకోండి. సౌర కుటుంబంలో అతి పెద్ద ఉపగ్రహం, వ్యాసం 5,268 కిలోమీటర్లు. బుధగ్రహం 4,879 కిలోమీటర్లే. "బుధగ్రహం కన్నా పెద్దదైన, గురుగ్రహానికి చెందిన ఉపగ్రహం ఏది?" అంటే ఒకే జవాబు వస్తుంది, తెలియనివాళ్లకు కాస్త ఆధారమూ దొరుకుతుంది.

ప్రశ్నను బిగించడం

ఇక్కడే తొందరపడతారు. ప్రశ్న రాశాక దాన్ని ప్రత్యర్థి జట్టులో కూర్చున్నట్టు చదవండి. "ఇంకే జవాబు చెప్పి మార్కు కొట్టేయొచ్చు?" అని వెతకండి. ఒక్కటి దొరికినా ప్రశ్న వదులుగా ఉన్నట్టే. ముఖ్యంగా నాలుగు మాటలు కనిపిస్తే ఆగాలి: "మొదటి", "అతి", "ఎన్ని", "రోజు".

"మొదటి" అన్న మాట అంతరిక్ష చరిత్రలో ఎప్పుడూ ఒంటరిగా నిలబడదు. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి జంతువు ఏదంటే అందరూ లైకా అంటారు. లైకా 1957 నవంబరులో భూమి చుట్టూ కక్ష్యలో తిరిగిన మొదటి జంతువు. దానికి పదేళ్ల ముందే, 1947లో, వీ-2 రాకెట్‌లో పండ్ల ఈగలు అంతరిక్షం అంచు దాటి వచ్చాయి. 1949లో రెండో ఆల్బర్ట్ అనే కోతి వెళ్లింది. కాబట్టి ప్రశ్నలో "కక్ష్యలో తిరిగిన" అని ఉండి తీరాలి. అమెరికా తొలి వ్యోమగామి విషయమూ అంతే. 1961 మే 5న అలన్ షెపర్డ్ పైకి వెళ్లి కక్ష్యలోకి చేరకుండానే దిగాడు. భూమి చుట్టూ తిరిగిన తొలి అమెరికన్ జాన్ గ్లెన్, 1962 ఫిబ్రవరి 20న. భారత తొలి ఉపగ్రహం ఆర్యభట్ట, 1975లో సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. సొంత రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 మీద కక్ష్యలోకి చేరిన మొదటిది 1980 నాటి రోహిణి. మీరు అడుగుతున్నది ఈ రెండింటిలో ఏదో ప్రశ్నలోనే తెలియాలి.

అంగారకుడి మీద దిగిన మొదటి నౌక ఏది అన్న ప్రశ్నకు ఏకంగా మూడు జవాబులున్నాయి. నేలను తాకిన మొదటిది సోవియట్ల మార్స్ 2, 1971 నవంబరులో కూలిపోయింది. మెల్లగా దిగిన మొదటిది మార్స్ 3, అదే ఏడాది డిసెంబరులో. దిగిన రెండు నిమిషాల్లోపే సంకేతాలు ఆగిపోయాయి. దిగి, అనుకున్న పని పూర్తి చేసిన మొదటిది వైకింగ్ 1, 1976 జులై 20న. తాకిందా, దిగిందా, పని చేసిందా? ఈ క్రియాపదం దగ్గరే ప్రశ్న నిలబడుతుంది లేదా కూలిపోతుంది. మొదటి ప్రయత్నంలోనే అంగారక కక్ష్య చేరిన ఘనత మంగళ్‌యాన్‌కు ఇచ్చేటప్పుడు "తొలి దేశం" అన్న మాట మరవకండి. 2003లో యూరప్ అంతరిక్ష సంస్థ మార్స్ ఎక్స్‌ప్రెస్ కూడా మొదటిసారే చేరింది, కాకపోతే అది అనేక దేశాల ఉమ్మడి సంస్థ.

"అతి" దగ్గర కొలమానం చెప్పాలి. అతి పెద్ద మరుగుజ్జు గ్రహం ఏది? వ్యాసంలో ప్లూటో, ద్రవ్యరాశిలో ఎరిస్. భూమికి అతి దగ్గరి గ్రహం? ఒక్కో సమయంలో అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది శుక్రుడు. కానీ ఏళ్ల తరబడి దూరాల సగటు తీస్తే బుధుడే దగ్గర, ఎందుకంటే శుక్రుడు సూర్యుడికి అవతలి వైపు వెళ్లినప్పుడు చాలా దూరమైపోతాడు. అతి ఎత్తైన పర్వతం అడిగితే అంగారకుడి మీది ఒలింపస్ మాన్స్ అంటారు, సుమారు 22 కిలోమీటర్లు. వెస్టా అనే గ్రహశకలం మీది రియాసిల్వియా అనే పెద్ద గుంట నడిమి శిఖరమూ ఇంచుమించు అంతే ఎత్తు. "అతి ఎత్తైన అగ్నిపర్వతం" అనండి, చిక్కు విడిపోతుంది. సౌర కుటుంబంలో అతి వేడి గ్రహం ఏదన్నది మాత్రం ఇంకేమీ బిగించకుండానే నిలబడే అరుదైన ప్రశ్న. శుక్రుడి నేల మీద సుమారు 465 డిగ్రీల సెల్సియస్, బుధుడి మీద పగలు కూడా 430 దగ్గరే. సూర్యుడికి దగ్గరున్న బుధుడు ఎందుకు కాదంటే, వేడిని పట్టి ఉంచే దట్టమైన కార్బన్ డయాక్సైడ్ దుప్పటి శుక్రుడికే ఉంది. ఈ ప్రశ్న తప్పకుండా పెట్టండి.

"ఎన్ని" అన్న ప్రశ్నకు తేదీ కావాలి. శనికి గుర్తించిన చంద్రుళ్లు 2023లో 146. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి చేరి 274 అయ్యాయి. రేపు ఎన్నవుతాయో చెప్పలేం. అసలు శని, గురుగ్రహాల చంద్రుళ్ల సంఖ్య అడగకండి. అంగారకుడికి రెండు, బుధ శుక్రులకు లేవు. ఇవి అడగండి. "వలయాలున్న గ్రహం ఏది?" అనీ అడగొద్దు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ నాలుగింటికీ ఉన్నాయి.

ఇక "రోజు". అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసే మాట ఇదే. ఏ గ్రహం మీద రోజు అతి పొడవైనది? శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 243 భూదినాలు పడుతుంది, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225. అందుకే "శుక్రుడి మీద ఏడాది కన్నా రోజే పొడవు" అని రాస్తుంటారు. కానీ శుక్రుడు చాలా గ్రహాలకు ఎదురు దిశలో తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయానికి 117 భూదినాలే. అదే బుధుడి మీద ఒక సూర్యోదయం నుంచి ఇంకో సూర్యోదయానికి 176 భూదినాలు. అంటే ఆత్మభ్రమణ కాలం అడిగితే శుక్రుడు, సూర్యోదయాల మధ్య కాలం అడిగితే బుధుడు. "రోజు" అన్న మాట కొట్టేసి, ఈ రెండింటిలో ఒకటి రాయండి. పిల్లల క్విజ్ అయినా సరే ఇందులో సడలింపు వద్దు. "తన చుట్టూ తాను తిరగడం" అంటే పిల్లలకు ఇంకా బాగా అర్థమవుతుంది.

తేదీల్లోనూ ఇదే ఇబ్బంది. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద అడుగుపెట్టింది అంతర్జాతీయ సమయం ప్రకారం 1969 జులై 21, తెల్లవారుజాము 2 గంటల 56 నిమిషాలకు. అప్పటికి అమెరికాలో ఇంకా జులై 20 రాత్రే, భారతదేశంలో జులై 21 ఉదయం. ఏ దేశ సమయమో చెప్పలేకపోతే ఏడాదితో సరిపెట్టండి. అసలు తేదీ ప్రశ్నలు ముప్పైలో మూడు దాటకూడదు.

వాక్యం అందంగా ఉండాలని సాగదీసినప్పుడూ తప్పులు దూరతాయి. చంద్రయాన్-3 "దక్షిణ ధ్రువం మీద" దిగలేదు. అది దిగింది దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. "దక్షిణ ధ్రువానికి సమీప ప్రాంతంలో" అనాలి. వాయేజర్ 1 "సౌర కుటుంబం దాటిపోయింది" అని రాయకండి. 2012 ఆగస్టులో అది సూర్యుడి గాలి ప్రభావం ముగిసే సరిహద్దు దాటి నక్షత్రాంతర ప్రదేశంలోకి ప్రవేశించింది. సూర్యుడి ఆకర్షణలోనే ఉన్న ఊర్ట్ మేఘం (సౌర కుటుంబాన్ని దూరంగా చుట్టి ఉన్న మంచు ముద్దల గుంపు) లోపలి అంచు చేరడానికి ఇంకా సుమారు 300 ఏళ్లు పడుతుంది. అన్నట్టు, వాయేజర్ 2 ముందు బయలుదేరింది, 1977 ఆగస్టు 20న; వాయేజర్ 1 సెప్టెంబరు 5న. మంచి ప్రశ్న కావాలంటే ఇది వాడుకోండి.

అంకెలు, మాటలు

ఇంగ్లిషు నుంచి తెచ్చుకునే అంకెల్లో సున్నాలు జారిపోతాయి. బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు, 13.8 కోట్లు అని రాస్తే డైనోసార్ల కాలంలో విశ్వం పుట్టినట్టవుతుంది. కాంతి సంవత్సరం దూరమే గానీ కాలం కాదు, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. అంకె జవాబుకు ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో కార్డు వెనక రాయండి. అయిదు శాతం న్యాయం.

ఉల్క, గ్రహశకలం, తోకచుక్క ఒకదాని బదులు ఒకటి వాడకండి. గాలిలో మండుతూ మెరిసేది ఉల్క, సూర్యుడి చుట్టూ తిరిగే రాతి ముద్ద గ్రహశకలం, మంచు ఆవిరై తోక సాచేది తోకచుక్క. వేగుచుక్క పేరులో చుక్క ఉన్నా అది శుక్రగ్రహం.

తనిఖీ, చదవడం

ప్రతి జవాబునూ సంబంధం లేని రెండు చోట్ల చూడండి. ఒకదాన్ని చూసి రాసిన రెండోది లెక్కలోకి రాదు. యాత్రల తేదీలకు ఆ నౌకను పంపిన సంస్థ పత్రాలే చూడాలి. గ్రహాల నిర్వచనాలు, పేర్లు అంతర్జాతీయ ఖగోళ సంఘానివి. ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తీసింది ఆ సంఘమే, 2006 ఆగస్టు 24న. అంతకుముందు అచ్చయిన పుస్తకం మీ దగ్గరుంటే చరిత్రకు వాడండి, గ్రహాల లెక్కకు వద్దు.

నాలుగు ఆప్షన్లు ఇవ్వకండి. ఆప్షన్లు ఇస్తే ఊహించినవాడికీ తెలిసినవాడికీ ఒకే మార్కు. పైగా రాసేవాళ్లకు బద్ధకం వస్తుంది; వదులు ప్రశ్నను ఆప్షన్లు కప్పిపెడతాయి. "దగ్గరి నక్షత్రం" ప్రశ్న కింద సూర్యుడి పేరు లేకపోతే తప్పు బయటపడదు, అంతే గానీ పోదు.

ప్రశ్న రెండుసార్లు చదవండి, రెండోసారి చదవడం పూర్తయ్యాక ముప్పై సెకన్లు. "మినహాయిస్తే", "కక్ష్యలో", "వ్యాసం ప్రకారం" లాంటి బిగింపు మాటల కింద ముందే గీత గీసుకుని, వాటిని నొక్కి పలకండి. ఎవరైనా అభ్యంతరం చెబితే కార్డు వెనక చూడండి. అక్కడ లేని జవాబు సరైనదేనని ఆధారంతో తేలితే అప్పటికప్పుడే మార్కు ఇచ్చి, ఆ జవాబును కార్డు మీద చేర్చుకోండి. మళ్లీ వాడేముందు వెనక ఉన్న తేదీ చూడండి. సంఖ్యలు, రికార్డులు ఉన్న కార్డు ఆరు నెలలు దాటితే మళ్లీ సరిచూడనిదే కట్టలో పెట్టకూడదు.