పడిన చెట్టుని ఆదాయంలో రాయకండి

నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. అయినా సోంపేట దగ్గర మా ఊరి ఆస్తి, ఆదాయాల లెక్క 2018లో తప్పు కట్టాను. ఆ అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పడిన మానులు అమ్మిన డబ్బు, నష్టపరిహారం రెండూ ఆదాయంలో వేశాను. కూడి చూస్తే ఊరికి అది మంచి ఏడాదే! తోటలో మాత్రం చెట్టు లేదు.

రేపటి ఆస్తి కరిగించకుండా ఎదగడాన్నే సుస్థిరాభివృద్ధి అంటారు. దానికి ఐక్యరాజ్యసమితి 2015లో 17 లక్ష్యాలు, 169 ఉపలక్ష్యాలు పెట్టింది. ఊరికి అన్ని అక్కర్లేదు. ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎడమ పేజీలో ఉన్న ఆస్తి: చెట్లు, నూతిలో నీరు, మనుషుల ఆరోగ్యం. కుడి పేజీలో ఏడాదిలో వచ్చిందీ పోయిందీ. ఈ రెండూ ఎప్పుడూ కలపకండి.

నూతిలో నీరు ఎంత లోతున ఉందో కొలవడం మే నెలాఖరున ఒకసారి, నవంబరులో ఒకసారి. తెల్లవారుజామున, మోటార్లు వేయకముందే వెళ్లాలి. నైలాన్ తాడు సాగుతుంది, టేపు మేలు. వచ్చిన కొలతలోంచి నూతి గట్టు ఎత్తు తీసేయండి. ఏటా అదే నుయ్యి కొలవాలి. తోడే నీటికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టండి. 40 సెకన్లలో నిండితే గంటకి 18,000 లీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు, అందులో భూమిలోకి దిగేది కొంతే. ఇక మోటారు ఎన్ని గంటలు ఆడిందని అడిగితే మావాళ్లు సగమే చెప్తారు. కరెంటు మీటరుంటే అది చూడండి.

మా దగ్గర కిడ్నీ జబ్బు ఎక్కువ, అది రాయని లెక్క లెక్కే కాదు. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు ఎంతమందో ఏటా ఎడమ పేజీలో రాస్తాను. పేర్లు మాత్రం రాయకండి, పిల్లల సంబంధాలకి అడ్డొస్తాయి.

మోడల్ అంటే భయపడొద్దు, రాబోయే ఏళ్లలో ఎన్ని చెట్లుంటాయో ముందే వేసుకునే లెక్క అంతే. ఎక్సెల్‌లో ఏడాదికొక వరస: నిరుటి కాపు చెట్లు, అందులోంచి పడినవి తీసి, కొత్తగా కాపుకొచ్చినవి కలపాలి. వంద చెట్లున్నాయనుకుందాం. ఏటా నాలుగు పడతాయి, ఐదు మొక్కలు నాటుతారు, మూడు బతుకుతాయి. నాలుగు పోయి ఐదొస్తున్నాయి కదా అని సంబరపడతాం. కొబ్బరి కాపుకి ఏడేళ్లు వేసుకుంటే, అప్పటికి కాపు చెట్లు 72. ఆ తర్వాత కూడా ఏటా ఒకటి తగ్గుతూనే ఉంటుంది. నాటిన మొక్కలతో ఫోటోలు దిగే వాళ్లకి ఈ షీటు చూపించాను. పెద్దగా నచ్చలేదు.

నమ్మేముందు పరీక్ష పెట్టండి. ఐదేళ్ల కిందటి అంకెతో మొదలుపెట్టి ఈ ఏటికి నడపండి. తోటలో లెక్కపెట్టినదానికి దగ్గరగా రాకపోతే, బతికే మొక్కల సంఖ్య ఎక్కువ వేసుంటారు. నేనూ అదే చేశాను.

చివర్లో తుఫానుకి ఒక గడి పెట్టండి: సున్నా అంటే రాలేదు, ఒకటి అంటే వచ్చింది. నా షీటులో దాని పేరు తిత్లీ. ఏటా అక్టోబరుకి ముందు అందులో సున్నా తీసి ఒకటి వేసి చూస్తాను.