సెయింట్ ఆండ్రూస్‌కి ఆదివారమే వెళ్ళండి, ఇసుక ఆఖర్న

సెయింట్ ఆండ్రూస్ స్కాట్లాండ్‌లోని గోల్ఫ్ ఊరు కదా, అక్కడ మనకేం పని అని మా ఆయన రెండేళ్ళు దాటేశారు. నిజమే, మా ఇంట్లో ఒక్కరికీ గోల్ఫ్ రాదు. అయినా ఎడిన్‌బరా నుంచి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాం, మొన్నటిసారి అత్తయ్యగారితో సహా. మొదటిసారి మేం చేసిన తప్పు మాత్రం మీరు చేయకండి. బస్సు దిగీ దిగగానే పిల్లల్ని బీచ్‌లో వదిలాం. పదిన్నరకల్లా చిన్నోడి ప్యాంటు నడుందాకా తడిసింది. ఆ తడి సాక్సులతో, వాడి ఏడుపుతో ఊరంతా తిరిగాం. అందుకే తూర్పు చివర నుంచి మొదలుపెట్టి, పడమటి ఇసుకతో ముగించండి.

ఆ ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు, 1969లోనే మూసేశారు. దగ్గర్లోని లూకర్స్ స్టేషన్‌లో రైలు దిగి 99 నంబరు బస్సెక్కితే పావుగంటలోపే ఊరు. ఎడిన్‌బరా నుంచి వెళ్తే రైల్లో కుడివైపు కూర్చోండి, ఫోర్త్ వంతెన దాటాక చాలాసేపు సముద్రం పక్కనే వస్తుంది. ఆ తర్వాత టే వంతెన కూడా వచ్చిందంటే లూకర్స్‌లో దిగడం మరిచిపోయినట్టే! పిల్లలు స్కాట్లాండ్‌లోనే ఉంటే వాళ్ళ ఉచిత బస్సు కార్డులు మర్చిపోకండి, 22 ఏళ్ళలోపు వాళ్ళకి టికెట్ అక్కర్లేదు.

బస్టాండ్ నుంచి నార్త్ స్ట్రీట్ మీదుగా నడవండి. సెయింట్ సాల్వేటర్స్ చాపెల్ ముందు, రాళ్ళలో పి, హెచ్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు పొదిగి ఉంటాయి. 1528లో ప్యాట్రిక్ హామిల్టన్ అనే మత సంస్కర్తని మతద్రోహి అని బతికుండగానే తగలబెట్టిన చోటు అది. వాటిని తొక్కితే డిగ్రీ పోతుందని ఇక్కడి యూనివర్సిటీ పిల్లల భయం. మా పెద్దదానికి ఆ మాట చెప్పి తప్పు చేశాను, అప్పట్నుంచి అక్కడికి రాగానే గోడకి అతుక్కుని నడుస్తుంది.

కోటకి మాత్రం టైమివ్వండి. 1546లో కార్డినల్ బీటన్ అనే చర్చి పెద్దని చంపి, చంపినవాళ్ళే కోటలో తలుపులేసుకున్నారు. కోటని చుట్టుముట్టిన బయటివాళ్ళు గోడ కూల్చాలని కొండరాయిలో సొరంగం తవ్వారు. లోపలివాళ్ళు ఆ చప్పుడు వింటూ ఎదురు సొరంగం తవ్వారు, ఒకటి రెండు చోట్ల గురి తప్పి, చివరికి వెళ్ళి కలిశారు. ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి. తెరిచి ఉంటే దిగండి. ముందు లోపలివాళ్ళు తవ్విందే వస్తుంది: ఇరుకు, తడిరాయి, పెద్దవాళ్ళు వంగి వంగి నడవాలి. తర్వాత ఒక్కసారిగా బయటివాళ్ళ సొరంగంలోకి వస్తే నిటారుగా నిలబడొచ్చు. తీరిగ్గా తవ్వినవాళ్ళెవరో, ప్రాణభయంతో తవ్వినవాళ్ళెవరో నడుముకే తెలిసిపోతుంది. మా ఆయన తలకి బొప్పి కట్టింది, చిన్నోడు మాత్రం మూడుసార్లు తిరిగాడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని పైన బెంచీ మీదే కూర్చోబెట్టండి.

పక్కనే కేథడ్రల్. 1318లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ సమక్షంలో ప్రతిష్ఠ చేసిన గుడి, ఇప్పుడు మొండిగోడలే. అత్తయ్యగారు "మన హంపీలాగే ఉందే" అన్నారు. శ్మశానంలో గోల్ఫ్ ఆటగాడు యంగ్ టామ్ మోరిస్ సమాధి వెతకండి, గోడకి చెక్కిన బొమ్మలో బంతి కొట్టబోతూ ఉంటాడు. గోల్ఫ్‌లో పెద్ద పోటీ అయిన ఓపెన్‌ని వరసగా నాలుగుసార్లు గెలిచి, 1875లో 24 ఏళ్ళకే పోయాడు.

కాలేజీలు నడిచే రోజులైతే, చాపెల్‌లో ఆదివారం ప్రార్థన అయ్యాక ఎర్ర గౌన్ల విద్యార్థులు రేవులోని రాతి కట్ట మీద నడుస్తారు. కిందికి దిగి చూడండి. చిప్స్ మాత్రం అక్కడ తినకండి. సీగల్ నా చేతిలోంచే తన్నుకుపోయింది. మేం తెచ్చుకున్న పులిహోర దానికి నచ్చలేదు.

వెనక్కి సౌత్ స్ట్రీట్‌లో రండి. జానెట్టాస్‌లో ఐస్‌క్రీమ్, 1908 నుంచీ ఉన్న కొట్టు. క్యూ పొడుగ్గా ఉన్నా చకచకా కదులుతుంది.

ఆదివారమే ఎందుకన్నానంటే, ఆ రోజు ఓల్డ్ కోర్స్ అనే ఇక్కడి పేరున్న గోల్ఫ్ మైదానంలో ఆట ఉండదు, పెద్ద పోటీలున్నప్పుడు తప్ప. గడ్డికి సెలవు, జనానికి పార్కు. కుక్కలతో, స్ట్రోలర్లతో ఊరంతా అక్కడే. గోల్ఫ్‌వాళ్ళు ప్రాణంలా చూసుకునే స్విల్కన్ వంతెన మీద తాపీగా ఫోటో దిగొచ్చు. చూస్తే మన పొలంకాలవ మీద రాతి వంతెనంత, అంతే. గ్రీన్ల మీదా (రంధ్రం చుట్టూ ఉండే పొట్టి గడ్డి) బంకర్లలోనూ (ఇసుక గుంటలు) పిల్లల్ని పరుగెత్తనివ్వకండి.

ఆడాలనుంటే పక్కనే హిమాలయాస్. 1867లో ఆడవాళ్ళ కోసం పెట్టిన పటింగ్ (బంతిని మెల్లగా రంధ్రంలోకి దొర్లించడం) క్లబ్బు వాళ్ళ మైదానం. బయటివాళ్ళని అనుమతించే వేళలు చూసుకుని వెళ్ళండి. కొద్ది పౌండ్లకే కర్రా బంతీ ఇస్తారు. పేరుకి తగ్గట్టు అంతా గుట్టలే, మెల్లగా కొట్టిన బంతి గుట్ట ఎక్కలేక మళ్ళీ మన కాళ్ళ దగ్గరికే దొర్లుతుంది. చీరలో, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని అత్తయ్యగారు మా అందర్నీ ఓడించారు.

వాన పడితే ఆ దగ్గర్లోనే గోల్ఫ్ మ్యూజియం ఉంది. మా పిల్లలు అరగంటకే విసిగారు.

ఇక వెస్ట్ శాండ్స్, దాదాపు రెండు మైళ్ళ ఇసుక. ఇప్పుడు వదిలేయండి, ఎంత తడిసినా ఫర్వాలేదు. జులైలోనైనా జాకెట్లు పెట్టుకోండి, ఎండ కాస్తుండగానే హార్ అనే సముద్రపు మంచు కమ్మేస్తుంది. మార్చే బట్టలు, తువ్వాలు, ఒక ఖాళీ కవరు ఉండాలి. ఆ కవరు బూట్లకి. మేం ఒకసారి మరిచిపోయి, లూకర్స్ ప్లాట్‌ఫాం మీద నాలుగు జతలు వరసగా దులిపాం.